తొంభై నాలుగు దగ్గరే

జూన్ 2, సోమవారం
కొత్త ప్లాన్ తీసుకుని వారమైంది. వెయ్యి ఎంబీపీఎస్ అన్నారు. నా కంప్యూటర్‌కి వైఫై కూడా కాదు, రౌటర్ నుంచి నేరుగా వైరే. అయినా స్పీడ్ టెస్ట్ తొంభై నాలుగు దగ్గరే ఆగిపోతోంది. పొద్దుటి నుంచి పదకొండుసార్లు చూశాను. ఎడిట్ చేసిన ట్రైనింగ్ వీడియో క్లయింటుకి పంపేసరికి మధ్యాహ్నమంతా గడిచిపోయింది. వాళ్ల మేనేజర్ వాట్సాప్‌లో కాల్ చేసి, ఇల్లే ఆఫీసు అన్నారు కదా, మరి ఆఫీసులా ఉండాలి కదా అన్నాడు.

జూన్ 3, మంగళవారం
రౌటర్ ఆపి మళ్లీ వేశాను. రీసెట్ చేశాను. కంప్యూటర్‌కి పెట్టిన వైరు మార్చాను. అదే తొంభై నాలుగు. రౌటర్ యాప్ తెరిస్తే చెల్లి ట్యాబ్‌లో వీడియో కాల్ నడుస్తోంది. దొరికింది దొంగ.

జూన్ 4, బుధవారం
చెల్లికి వినపడదు, మాట రాదు. నాకు తెలిసిన సైగలన్నీ చిన్నప్పుడు ఇంట్లో మేము కల్పించుకున్నవే. అన్నం, నీళ్లు, తలుపు, పడుకో. వాటితో ఇంటర్నెట్ సంగతి చెప్పలేక కాగితం మీద రాశాను. పది నుంచి ఆరు దాకా వీడియో కాల్స్ వద్దు, నా పని పాడవుతోంది అని. చదివి, చేతులు గబగబా తిప్పుతూ ఏదో చెప్పింది. నేను స్క్రీన్ చూస్తూ తలూపాను. సరే అంటోందనుకున్నాను. ఆ వేళల్లో తన ట్యాబ్‌కి నెట్ రాకుండా రౌటర్‌లో బ్లాక్ పెట్టాను. మా ఇంట్లో ఫోన్ సిగ్నల్ అందదు, ఉన్నదంతా వైఫైయే.

జూన్ 5
తొంభై నాలుగు.

జూన్ 9, సోమవారం
కంప్యూటర్ మోసుకెళ్లి హాల్లో గోడకున్న ఫైబర్ బాక్స్‌కే నేరుగా పెట్టి చూశాను. తొమ్మిది వందల ముప్పై వచ్చింది. అంటే లైన్ బాగానే ఉంది, రౌటర్‌దే తప్పు. కొత్తది ఆర్డర్ పెట్టాను. చెల్లి బ్లాక్ తీసేద్దామా అనిపించింది. కొత్తది వచ్చాక చూద్దాంలే.

జూన్ 12, గురువారం
కొత్త రౌటర్ వచ్చింది. తొంభై మూడు. చెల్లి సరిగ్గా తినడం లేదు. ఏమైందని అడిగితే చెయ్యి ఊపి ఊరుకుంది.

జూన్ 16, సోమవారం
నెట్ కంపెనీ నుంచి టెక్నీషియన్ వచ్చాడు. రౌటర్ వంక చూడనే లేదు. బాక్స్ నుంచి నా గదిలోకి వచ్చే వైరుని వేళ్లతో తడుముకుంటూ గోడ వెంట నడిచాడు. తలుపు పక్కన ఆగాడు. అక్కడ వైరుని గోడకి పట్టి ఉంచే క్లిప్పు మేకు వైరులోకే దిగింది. లోపలి నాలుగు జతల తీగల్లో ఒకటి తెగిందట. ఒక్క జత తెగినా వేగం వందకి పడిపోతుందట. ఆ మేకు కొట్టింది నేనే, రౌటర్‌ని నా గదిలోకి మార్చుకున్న రోజున.

వైరు మార్చాడు. తొమ్మిది వందల ముప్పై ఎనిమిది. చెల్లి కాల్స్‌ని ఎలా కట్టడి చేశానో గొప్పగా చెప్పాను. అతను పనిముట్లు సర్దుకుంటూ, "వీడియో కాల్ ఎంత తింటుంది సార్, మూడో నాలుగో. మీ వెయ్యిలో అదొక లెక్కా?" అన్నాడు.

బ్లాక్ తీసేశాను. చెల్లి ట్యాబ్ తీసుకుని తన గదిలోకి వెళ్లింది. నవ్వలేదు.

జూన్ 17, మంగళవారం, మధ్యాహ్నం 3.40
చెల్లి గది తలుపు తీసే ఉంది. ట్యాబ్‌లో ఆసుపత్రి మంచం. మంచం మీద కుట్టుమిషను అక్క. బధిరుల హాస్టల్లో చెల్లికి కుట్టుపని నేర్పింది ఆమే. అక్షరాలు రావు, మెసేజ్ పెడితే చదవలేదు. చేతులతో మాట్లాడటమే. ఎవరో నర్సు ఫోన్ పట్టుకుంది. అక్క ఎడమచెయ్యి ఒక్కటే కదులుతోంది. కుడిచెయ్యి దుప్పటి మీద అలా పడి ఉంది. చెల్లి మళ్లీ మళ్లీ అడుగుతోంది. ఆమె మళ్లీ మళ్లీ చెబుతోంది. సగం మాటలు అందడం లేదని నాకు కూడా తెలిసిపోయింది.

కాల్ అయ్యాక కాగితం ఇచ్చాను. చెల్లి రాసింది. చిన్న స్ట్రోక్ వచ్చి అక్క ఒకటో తారీఖున ఆసుపత్రిలో చేరింది. నర్సు రోజూ మూడు నుంచి నాలుగు దాకా ఫోన్ పట్టుకునేది. అప్పుడు రెండు చేతులూ బాగానే ఉన్నాయి. పదకొండున మళ్లీ స్ట్రోక్ వచ్చింది. నర్సు మెసేజ్ పెడితే తెలిసింది.

నాకెందుకు చెప్పలేదని రాశాను. చెప్పాను అని రాసింది. కింద ఇంకో వరుస. కాగితం రాసి నీ కీబోర్డు మీద కూడా పెట్టాను.

నా బల్లంతా వెతికాను. దొరికింది. "మూడింటికి ఒక్క గంట నెట్ ఇవ్వు అన్నయ్యా. అక్కతో మాట్లాడాలి." వెనక నా చేతిరాతతో అంకెలు. 94, 93, 94. రాసుకోవడానికి చేతికి ఏది దొరికితే అది లాక్కున్నాను. తిప్పి చూడలేదు.

జూన్ 18
నెట్ చాలా వేగంగా వస్తోంది.

జూన్ 20, శుక్రవారం
అక్క ఉన్న ఊరికి రెండు టికెట్లు తీశాను. చెల్లి ఒకటి తీసుకుంది. రెండోది బల్ల మీదే వదిలేసి వెళ్లింది.

జూన్ 26
వీడియోలు చూసి అసలైన సైగలు నేర్చుకుంటున్నాను. చెల్లి హాస్టల్లో ఉన్న రోజులు తప్ప ముప్పై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం. ఇన్నేళ్లలో ఈ పని ఎప్పుడైనా చేసి ఉండవచ్చు.

జూలై 3
చెల్లి వచ్చింది. తప్పు నాదే, క్షమించు అని సైగ చేశాను.

నా వేళ్లు పట్టుకుని సరిచేసింది. తన గదిలోకి వెళ్లిపోయింది.