గేరు నూనె మీద మిరపకాయత్త తగువు

షెడ్డు మేస్త్రీకి,

వీధంతా మిరపకాయత్త అని పిలిచే నేను చెప్పి రాయించేది. వయసు డెబ్బయ్యెనిమిది. ఇంట్లో ఉండేది నేనూ, ఇది రాస్తున్న నా కూతురూ, మావారి పాత ఆటోమేటిక్ గేరు కారూ. అదీ ఇంటి మనిషే.

బ్యాటరీ మార్చమని కారు పంపిస్తే, నువ్వు గేర్‌బాక్సులో నూనె కొలిచే పుల్ల ముంచి వాసన చూసి, ‘నూనె మాడిపోయింది, మార్చందే బండి పంపను’ అన్నావట. ఆ నూనె మావారు పోసింది. ఆయన పోయారు, నూనె ఉంది. దాన్ని ముట్టుకున్నావో, నీ షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను.

ఇట్లు, వేలిముద్ర.

తా.క.: తిట్లు రాయలేదు. కాగితం చాల్లేదు. — కూతురు

*

పెద్దమ్మగారికి మేస్త్రీ నమస్కారాలు.

నాసిరకం ఆయిలు పోస్తానని మీ అనుమానం, అర్థమైంది. అందుకే కొత్తది సీసాలో పంపుతున్నాను. దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. మీ బండిలోది కషాయంలా నల్లబడింది. గేరు పడడానికి ఇప్పటికే తటపటాయిస్తోంది. ఇలాగే నడిపితే గేర్‌బాక్సు పోతుంది. ఆ మోడలుకి సామాన్లు దొరకవు, ఇక బండి కదలదు.

ఇట్లు, మీ విధేయుడు.

తా.క.: సీసా వంటింట్లో పెట్టకండి.

*

మేస్త్రీకి,

నీ నూనె మంచిదే. నీకు అర్థం కానిది నా గోడు.

నెలకో ఆదివారం మావారు బండి స్టార్టు చేసి, ఇంజను వేడెక్కాక నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టేవారు. ‘బ్రేకు తొక్కిపట్టి, గేర్లన్నీ ఓసారి మార్చి, మళ్లీ మొదటికి తీసుకురా’ అనేవారు. తను బానెట్టు ఎత్తి, పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూసేవారు. ‘కాలు తీశావంటే బండి నా మీదికొస్తుందే’ అని బానెట్టు చాటునించి కేకేసేవారు. ‘రానివ్వను లెండి’ అనేదాన్ని. తక్కువుంటే గరాటు పెట్టి పోసేవారు. ముప్ఫయ్యేళ్లు ఆయన ప్రాణం నా పాదం కింద ఉంది. ఇప్పుడా నూనె కాలవలో పారబోస్తానంటావు.

ఇట్లు, వేలిముద్ర.

తా.క.: సీసా మూత తీశాను. ఆదివారం పూట ఆయన చొక్కా వాసన. తిరిగివ్వను.

*

పెద్దమ్మగారికి,

ఇంత పాత బండికి ఒక్కసారే మొత్తం మార్చం. కింద ప్లగ్గు విప్పితే సగమే దిగుతుంది, మిగతాది లోపలే ఉండిపోతుంది. దాంట్లోనే కొత్తది కలుస్తుంది. ఆయన పోసింది కొంతైనా బండిలో తిరుగుతూనే ఉంటుంది.

ఇంకో మాట, చెప్పొచ్చో లేదో. పుల్ల ముంచి చూసే ఆ పనికి బ్రేకు మీద రెండో మనిషి అక్కర్లేదు. హ్యాండ్‌బ్రేకు లాగి ఒక్కడే చేసుకోవచ్చు. అప్పట్లో ఈ షెడ్డు నడిపిన మా నాన్న ఆ మాటే అంటే, మీవారు ‘మా ఇంట్లో మాత్రం అనకు. ఆవిడ పనులన్నీ వదిలి నా దగ్గరికొచ్చి కూర్చునేది దీనికొక్కదానికే’ అన్నారట.

ఇట్లు, మేస్త్రీ.

తా.క.: కోపం వస్తే మా నాన్న మీద చూపించండి. ఆయనకి చెవుడు.

*

మేస్త్రీకి,

నూనె మార్చు.

హ్యాండ్‌బ్రేకు సంగతి నాకు తెలియదనుకున్నారా తండ్రీ కొడుకులు? ఉండేది నా మోకాలి పక్కనేగా, అది లాగాకే గేరు ముట్టుకునేదాన్ని. అసలు నా కాలు ఆ బ్రేకుకి ఏనాడూ అందలేదు. పొట్టిదాన్ని. ఆ మాట అంటే ‘సరే, నువ్వు లేచి వెళ్లు’ అంటారేమోనని నోరు మూసుకుని కూర్చున్నాను. ఈ జన్మలో నేను నోరు మూసుకున్నది అక్కడే.

ఇంజను వేడెక్కాక కబురు పెట్టు, వస్తాను. సీటు మాత్రం ముందుకి జరపకు.

ఇట్లు, మిరపకాయత్త ఎడమ బొటనవేలు.

సాక్షులు: కూతురు, ఎదురింటి దర్జీ.