మెంతి నీళ్లు, మామ గొంతు

ప్రొద్దుటూరు

ప్రియమైన మీకు, ఇష్రత్ సలాం. అల్లా దయవల్ల మామ, మన ఫాయిజా, నేను సుఖంగా ఉన్నాము. అక్కడ మీరూ చల్లగా ఉండాలని రోజూ దువా చేస్తున్నాము.

అమ్జద్ భాయ్ చేత మీరు పంపిన ఉత్తరం, ఖర్జూరాలు అందాయి. ఆయన మళ్లీ కువైట్‌కు బయల్దేరుతున్నాడంటే ఇది రాసి ఇస్తున్నాను. ఫోన్‌లో అయితే మామ పక్కనే కూర్చుంటారు.

ఫాయిజా చదువు గురించి అడిగారు. కాలేజీలో బాగానే ఉంది, వీధిలోనే పేరు మోగిపోతోంది! మెంతి నీళ్లు తాగితే షుగర్ మాత్రలు అక్కర్లేదని మీరు పంపిన వీడియోను మామ తన తోటి టైలర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందరూ దండాలు, పూలు పెట్టారు. అది అబద్ధమని డాక్టర్లు తేల్చిన లింకును ఫాయిజా వెతికి, మామ ఫోన్‌లోంచే అదే గ్రూపులో పెట్టేసింది. ఒక్కరూ తెరవలేదు. పైగా పక్క దుకాణం కమాల్ బాషా, "ఏంది మామా, పొద్దున ఒకటి, సందకాడ ఒకటి చెప్తాండావే?" అని ఎగతాళి చేశాడు. మామకు కోపమొచ్చింది. "మా వాహిద్ అబద్ధం పంపుతాడా? ఈ లింకోళ్లు మనకేమైతారు?" అని ఫాయిజా మీద ఎగిరారు.

ఆ చిట్కా పనిచేసిందా అని మీరు అడిగినప్పుడల్లా మాట తప్పించాను. ఇప్పుడు చెబుతున్నాను, కంగారు పడకండి. మామ మాకు తెలియకుండా మాత్రలు మానేశారు. పనిమీద వేంపల్లె వెళ్లి, బస్టాండులో కళ్లు తిరిగి పడిపోయారు. ఆటోవాళ్లే ఆసుపత్రిలో చేర్చారు. ఇప్పుడు పూర్తిగా కోలుకున్నారు. నిన్న బిర్యానీ తక్కువ వడ్డించానని నాతో పోట్లాడారు కూడా.

లేచి కూర్చోగానే తన గొంతు రికార్డు చేసి గ్రూపులో పెట్టారు: "అప్పా, నేను హబీబుల్లాను మాట్లాడతాండా. మాత్రలు మానుకోని పడిపోయినా. మా మనవరాలు పెట్టింది సదవండి. యా నీళ్లన్నా తాగండి, మాత్ర మాత్రం ఇడిసిపెట్టాకండి!"

లింకు తెరవని వాళ్లే ఆ గొంతును జమ్మలమడుగు దాకా పంపారు. కమాల్ బాషా ఇంటికొచ్చి తల దించుకుని, "మామా, నేను గూడా మానేసినా. ఈపొద్దు మళ్లా మింగినా," అన్నాడు. ఇప్పుడు ఏ మెసేజ్ వచ్చినా అందరూ, "నిజమేనా సూడమ్మా," అంటూ ఫాయిజా దగ్గరికే వస్తున్నారు.

మీకు చెప్పొద్దన్నారు మామ. "వాడు నా మీద ప్రేమతోనే పంపినాడు. తెలిస్తే అన్నం తినడు," అన్నారు. అయినా రాస్తున్నాను. నిన్న మీరు మరో చిట్కా పంపారు కదా? గ్రూపులో ఎవరేం పెట్టినా, "యాడిది? ఎవురు చెప్పినారు?" అని మామ నిలదీస్తున్నారు. మీరు పంపినదాన్ని మాత్రం ఇప్పటికీ అడగరు. అందుకే పంపే ముందు ఆ మాట మీరే అడగండి.

ఇట్లు,
మీ మీద కోపమేమీ లేని
మీ భార్య ఇష్రత్