రెయిన్‌కోటు జేబులో అప్లికేషన్

అన్నయ్యా,

నీ కూతురు చేరాల్సిన మా కాలేజీలో అప్లికేషన్లకి ఇవాళే ఆఖరు రోజు. తలుపు వెనక నీ పాత రెయిన్‌కోటు ఉంది, కవరు దాని లోపలి జేబులో పెట్టాను. కోటు వేసుకునే రా. ఎండ మండిపోతుందని నాకూ తెలుసు. నాది మూడో కిటికీ, ఒంటిగంటకి మూసేస్తాను. చెల్లెలే కదా అని పక్కనుంచి దూరకు, లైన్లో నిలబడు. అక్కడ నన్ను మేడమ్ అనాలి.

ఇరవై ఏళ్ల కిందట నా అప్లికేషన్ నీ చేతికే ఇచ్చాను. "ఇచ్చేశాలేవే, నిశ్చింతగా ఉండు" అన్నావు. వానలు మొదలయ్యాక ఈ జేబులోనే దొరికింది. "పోనీలే, వచ్చే ఏడు చూద్దాం" అన్నావు. ఆ వచ్చే ఏడు ఇంకా రాలేదు. చదవాల్సిన కాలేజీలోనే కూర్చుని ఊళ్లోవాళ్ల పిల్లల కాగితాలకి స్టాంపులు కొడుతున్నాను.

లైను పెద్దది. మోకాళ్ల నొప్పి మాత్ర వేసుకుని బయల్దేరు. కాఫీ ఫ్లాస్కులో ఉంది.

మరిచాను. నీ కూతురి అప్లికేషన్ నిన్ననే నేను ఇచ్చేశాను, రసీదు దాని లెక్కల పుస్తకంలో ఉంది. ఇప్పటిదాకా గుండె దడదడలాడిందా? ఆ రోజు నాకూ అలాగే ఉంది. జేబులో ఉన్నది నాది, ఇరవై ఏళ్ల నాటిదే. రాకపోయావో, ఈ కోటు సంగతి భోజనాల దగ్గర నీ కూతురికి చెప్తాను. వచ్చి కిటికీలోంచి ఇవ్వు. గడువు దాటిపోయిందని నేనే తిప్పి పంపాలి.