నీ బూట్లకంటిన ఎర్రమట్టి

నాన్నా,

నీ ఆబ్దికం మొన్న అయింది. నువ్వు పోయింది ఆఫీసు కుర్చీలో, ఫైలు ముందు పెట్టుకుని. అయినా అందరూ ఏటా ఎండాకాలంలో మనం కొండ దాకా తీసే పరుగు మీదే నింద వేశారు. "ఎండల్లో కొండలంట పరిగెడితే గుండె ఆగదేటి?" అంది పక్కింట్లోనే ఉండే అత్త. అమ్మ నమ్మింది. నిన్న నా బూట్లు ఖాళీ బియ్యం డబ్బాలో దాచేసింది.

తలుపు పక్కనున్న నీ బూట్లు మాత్రం ఏడాదిగా కదపలేదు. ఇవాళ తెల్లవారుజామున మూడు జతల మేజోళ్లు తొడుక్కుని వాటితోనే బయల్దేరాను.

నాతవరం రోడ్డు దిగి జీడితోటల్లోకి వచ్చేసరికి ఎండెక్కింది. బూట్లు వదులై రెండుసార్లు బోర్లా పడ్డాను. అయినా కొండ మీది పాత రాతి స్తంభాల దాకా వెళ్లాను. మనం ఎప్పుడూ కూర్చునే విరిగిన స్తంభానికి వీపు ఆనించి నీళ్లు తాగాను. రాయి అప్పటికే కాలుతోంది. ఎన్ని వందల వేసవులు చూసిందో, దానికేం కాలేదు. నాకూ ఏం కాలేదు. ఆ సంగతి అత్తకు కనబడాలనే తిరుగుదారిలోనూ నడవలేదు, పరిగెత్తాను.

అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. దోక్కుపోయిన నా మోకాళ్ల కంటే ముందు నీ బూట్లకంటిన ఎర్రమట్టిని చూసింది. లోపలికెళ్లి బియ్యం డబ్బా మూత తీసింది.

"ఇవిగో నీయి. రేపట్నుంచి ఇయ్యే ఏసుకుని ఎల్లు. ఆయనవి పాడు సెయ్యకు."