మరిగించిన నీళ్లు

మార్చి 3, మంగళవారం

కాలనీ బోరు నీళ్ల రిపోర్టు వచ్చింది. నైట్రేట్ హద్దుకు దాదాపు రెండింతలుంది. ఇలా వస్తే ఇరవై నాలుగు గంటల్లోపు ఇంటింటికీ నోటీసు అంటించాలని రూలు. పెద్దవాళ్ల సంగతి ఎలా ఉన్నా, డబ్బా పాలు తాగే పసిపిల్లలకు ప్రాణాల మీదికి వస్తుంది. ట్రైనింగులో ఈ ముక్క మూడుసార్లు చెప్పారు.

అరవై రెండు ఇళ్లు, ఒక బోరు, ఒక ట్యాంకు. ఆపరేటర్‌ని నేనొక్కదాన్నే.

సాయంత్రం 5

కాలనీ సంఘం ప్రెసిడెంటుకు చూపించాను. మడిచి మళ్లీ నా చేతిలోనే పెట్టాడు. ఇంకో శాంపిల్ పంపి చూద్దాం, ఈలోపు జనాన్ని హడలగొట్టడం ఎందుకన్నాడు. ఆయన ఇంటి పై వాటా అద్దెకు చూడటానికి ఆదివారం ఎవరో వస్తున్నారట. సరేనన్నాను. ఆ మాట నా నోటికి ఎంత తేలిగ్గా వస్తుందో.

మార్చి 4

కాలనీలో డబ్బా పాలు తాగే బిడ్డ ఒక్కడే. మూడో వీధి టైలరమ్మ కొడుకు, రెండు నెలలవాడు. నా బట్టలన్నీ ఆమె కుట్టినవే. లావయ్యావక్కా అని మొహం మీదే చెప్పేది ఆమె ఒక్కతే.

ఏదో పనున్నట్టు వెళ్లాను. రిపోర్టు మాట ఎత్తలేదు. బాబుకు పాలు కలిపే నీళ్లు బాగా మరిగించమని మాత్రం చెప్పాను. ఎందుకని అడగలేదు. నీళ్ల గురించి నీకంటే ఎవరికి తెలుసక్కా అంది. ఘనకార్యం చేసినట్టు ఇంటికొచ్చాను.

మార్చి 6

రెండో శాంపిల్ పంపాను.

మార్చి 9

టైలరమ్మ స్టవ్ మీద పెద్ద గిన్నె. సగానికి సగం ఇగిరేదాకా మరిగిస్తున్నానని గర్వంగా చూపించింది. శభాష్ అన్నాను.

మార్చి 11, ఉదయం 10:20

ల్యాబుకు ఫోన్ చేశాను. మళ్లీ అదే అంకె. పసివాడికి మరిగించిన నీళ్లేలెండి అన్నాను. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ నైట్రేట్ పోదన్నాడు ల్యాబతను. నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా ఎక్కువవుతుందన్నాడు.

ఇదీ ట్రైనింగులో చెప్పే ఉంటారు. నేను టీకి వెళ్లుంటాను.

సగానికి మరిగించింది. అంటే రెండింతలకు మళ్లీ రెండింతలు. పరుగెత్తుతున్నాను.

మధ్యాహ్నం 3

బాబు పెదాలు నీలంగా ఉన్నాయి. చలికేమో అనుకుని పొద్దుటినుంచీ రెండు దుప్పట్లు కప్పిందట. ఎదురింటాయన కారులో ఆసుపత్రికి తీసుకెళ్లాం. నైట్రేట్ అని డాక్టరు చెవిలో చెప్పాను. ఇంజెక్షన్ ఇచ్చారు. గంటకు రంగు తిరిగింది. బతికాడు.

కారిడార్లో టైలరమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు రాకపోతే నా బిడ్డ దక్కేవాడు కాదక్కా."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఆ మెప్పు అందుకునే ఇంటికొచ్చాను.

మార్చి 12

ప్రెసిడెంటును అడగలేదు. అరవై రెండు తలుపులకూ నోటీసు అంటించాను. మరిగిస్తే పోదని పెద్ద అక్షరాలతో రాశాను. రిపోర్టు వచ్చింది మూడో తారీఖున అని కూడా రాశాను. పనిలోంచి తీసేస్తానన్నాడు. తీసేయమన్నాను.

మార్చి 13

టైలరమ్మ నోటీసు పట్టుకుని వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. అరవలేదు. ఒక్కటే అడిగింది.

"ఈ తొమ్మిది రోజులూ మీ ఇంట్లో ఏ నీళ్లు తాగారు?"

అక్కా అనలేదు.

ఈ డైరీలో కూడా రాయని సంగతి అది. చెప్పాను. క్యాన్ నీళ్లు.