ఎర్ర మూత పెట్టకు బావా

బావా, కారు రేడియేటర్‌కి టేబుల్ మీదున్న నల్ల మూతే పెట్టు. పాత మూత మీదున్న 0.9 అంకే దీని మీదా ఉంది. నువ్వు మురిసిపోయి కొన్న ఎర్రదాని మీద 1.3 ఉంది. అంత ఒత్తిడికి మామయ్య కాలంనాటి రేడియేటర్ పగిలిపోతాది. ఇంజిన్ చల్లారినాకే పాతది తియ్యి.

నేనూ బాబూ బస్సులో క్లాంగ్‌కి, అమ్మ దగ్గరికి పోతున్నాం. రేపు నువ్వొచ్చినాక మన తివాకర్‌గాడి పుట్టువెంట్రుకలకి ఆ స్పోర్ట్స్ కారులోనే గుడికి పోవాలి. దారిలో మళ్ళీ ఆవిరి కక్కిందంటే ఏడ్చేస్తాను, అంతే.

కోగిల

ఎర్ర మూత కోసం వెతకొద్దు. పొద్దున నా చేతిలోంచి జారి దొర్లితే, మనోడు దాని వెనకాలే పాకినాడు బావా! ఇంకా పాకలేదని ఎంత బెంగపడినానో నీకు తెలుసు. మూత వాడి చేతిలోనే ఉంది. రేపు నీ ముందు మళ్ళీ దొర్లిస్తాను.