మేకు దిగని కిటికీలు

1962 ఏప్రిల్ 9, సోమవారం

గోడకూ కిటికీ చట్టానికీ మధ్య సందును స్కేల్ పెట్టి కొలిచాను. పావు అంగుళం. వాకిలి దగ్గర చిటికెన వేలు దూరుతుంది. నిన్న అందులోంచే తేలు దిగింది, నా మనవరాలు కదిరమ్మ చాపకు జానెడు దూరంలో. దాని భర్త తాడిపత్రి స్టేషన్‌లో గుమాస్తా. ఎండాకాలమంతా పిల్ల నా దగ్గరే ఉంటుంది.

వడ్రంగి కొండప్పను పిలిపించాను. లోపలివైపు చుట్టూ టేకు పట్టీలు కొట్టి సందులు మూయాలి. మూడు కిటికీలు, రెండు వాకిళ్లు. నాలుగు రోజులన్నాడు.

ఏప్రిల్ 11

పట్టీలు కోశాడు. మూలల్లో రెండు ముక్కలూ నలభై ఐదు డిగ్రీల్లో కలవాలి. కలవలేదు. మధ్యలో అగ్గిపుల్ల పడుతుంది. ముప్పై ఏళ్లు లెక్కల టీచర్‌గా చేసినదాన్ని, ఆ జాయింట్ చూస్తే ఒళ్లు మండదా?

"గోడే వంకరుండాది టీచరమ్మా, నా కోత గాదు" అన్నాడు.

అతను పోయాక దారానికి గుండు కట్టి గోడ పక్కన వేలాడదీసి చూశాను. గోడ వంకరే. అతనికి చెప్పను.

ఏప్రిల్ 13

మూలలన్నీ కలిశాయి. రేపు మేకులు.

ఏప్రిల్ 14

మేకులు కొట్టలేదు. పొద్దున బాగానే వచ్చాడు. కదిరమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, సామాను తుండుగుడ్డలో మూట కట్టాడు. ఎండకు చెక్క ఇంకా గుంజుకుంటుందట, ఆగాలట. ఎండ నిన్న లేదా?

ఏప్రిల్ 17

రాలేదు.

ఏప్రిల్ 18

వచ్చి, చిత్రిక పట్టిన పట్టీలకే మళ్లీ చిత్రిక పట్టాడు. మేకులేవంటే తుప్పు పట్టాయన్నాడు. డబ్బా తెరిచి ముక్కు కింద పెట్టాను. కొత్తవి, తళతళమంటున్నాయి. తల గోక్కున్నాడు.

"మంచి దినం సూసుకోని కొడదాంలేమ్మా."

"ఏమప్పా, కిటికీకి పెండ్లి చేస్తాండామా?" అన్నాను.

వంటింట్లో కదిరమ్మ చేతిలోంచి గిన్నె జారిపడింది.

ఏప్రిల్ 21, ఉదయం పది

కొండప్ప భార్య తిరుపాలమ్మ వచ్చింది. మొగుడికి జ్వరమట, దుప్పటి కప్పుకుని మూలుగుతున్నాడట. అరగంట కిందటే అతను కాఫీ హోటల్ ముందు బీడీ కాలుస్తూ కనిపించాడు. ఇక నేనే కొడతాను. ఇంట్లో సుత్తి ఉంది.

అదే రోజు, సాయంత్రం

స్టూలెక్కాను. పట్టీ ఆనించి మేకు నిలబెట్టాను. సుత్తి ఎత్తగానే కదిరమ్మ పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"కొట్టొద్దవ్వా! నీ కాళ్లు మొక్కుతా, కొట్టొద్దు."

దానికి మూడో నెలట. కడుపుతో ఉన్నవాళ్ల ఇంట్లో మేకు కొట్టకూడదని తిరుపాలమ్మ దగ్గర ఏడ్చిందట. అవ్వకు తెలియకుండా ఆపమందట. మొగుడూ పెళ్లామూ కలిసి వారం రోజులు నన్ను ఆడించారు. ఊళ్లో వాళ్లకు తెలిసింది, నాకు తెలియలేదు. నాకెందుకు చెప్పలేదని అరిచాను.

"పోయినేడు చెప్తిని గదవ్వా" అంది.

ఏప్రిల్ 22

పోయినేటి డైరీ తీశాను.

జూలై 6: "గోడకు బట్టల కొయ్యలు ఏడు కొట్టించాను. కదిరమ్మ వద్దని ఏడ్చింది. ఇలాంటి నమ్మకాలు నా ఇంట్లో చెల్లవని చెప్పాను."

జూలై 19: "కదిరమ్మకు కడుపు నిలవలేదు. జట్కాలో ఆస్పత్రికి."

రెంటికీ సంబంధం లేదు. ఉందని ఏ డాక్టరూ అనడు. ఆ తర్వాత పేజీలు కూడా తిప్పాను. కొయ్యల పొడవు రాశాను, ఎత్తు రాశాను. పిల్ల ఏమందో ఎక్కడా లేదు.

ఏప్రిల్ 23

కొండప్ప వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"తిట్టాలనుంటే తిట్టు టీచరమ్మా. ఆ బిడ్డ అట్ల ఏడుస్తాంటే నాకు చెయ్యెట్ల లేస్తాది?"

తిట్టాను. జ్వరం గురించి మాత్రమే. పట్టీలకు నంబర్లు వేయించి అటక ఎక్కించాను. పురుడయ్యాక కొడతాడు. సందుల్లో పాత చీర పేలికలు కూరాము. కదిరమ్మకు మంచం వేసి, తేళ్లు ఎక్కకుండా దాని కోళ్ల కింద నీళ్ల చిప్పలు పెట్టాను.

మే 2

దుమ్ముగాలి. పేలికలు ఊడిపోయాయి. మూడుసార్లు ఊడ్చాను. తేలు ఒకటి. చంపాను.

మేకుకూ కడుపుకూ సంబంధం లేదు.

సుత్తి నా ట్రంకుపెట్టెలో ఉంది. తాళంచెవి నా మెడలో.